ఎవరికేం పడదో తెలిసిన మనిషి

ఆమె చనిపోయిందని మా పాత బడి అటెండరు ఫోన్‌లో చెప్పినప్పుడు నేను మొదట అడిగిన మాట "ఎట్లా?" అని.

"నిద్రలనే పోయిందంట సార్. పొద్దున లేపితే లేవలేదంట. ఏన్కూరు దిక్కు ఏదో ఊళ్ళె" అన్నాడు.

నిద్రలో అని వినగానే నా గుండె కుదుటపడింది. ఒక మనిషి చావు కబురు విని కుదుటపడటం తప్పేనేమో. కానీ ఆమెకు అంత నెమ్మదైన చావు దొరుకుతుందని నేనెన్నడూ అనుకోలేదు.

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వెళ్ళే దారిలో, గోదావరి పక్కన ఒక ఊళ్ళో నేను ఆరేళ్ళు టీచరుగా పనిచేశాను. మేమున్న అద్దె ఇంటికి ఎదురుగా ఆమె ఇల్లు. ఊరంతా రొట్టెలక్క అనేవారు. సన్నటి మనిషి, యాభై దాటి ఉంటాయి. మోచేతుల దాకా ఎప్పుడూ పిండి. ఎప్పుడో ఒక ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో వంటమనిషిగా ఉన్నప్పుడు, అక్కడికొచ్చిన విదేశీ ఇంజనీరు భార్య దగ్గర స్కోన్లు చేయడం నేర్చుకుందట. స్కోన్ అంటే అరచేతిలో పట్టేంత గుండ్రటి రొట్టె. బన్నుకీ బిస్కెట్‌కీ మధ్యలో ఉంటుంది. పైన కాస్త కరకరలాడుతుంది, లోపల మెత్తగా పొరలు విడుతుంది. ఊరివాళ్ళు దాన్ని దొరసాని రొట్టె అనేవారు. వాకిట్లో తానే ఇటుకలు పేర్చి కట్టుకున్న భట్టీలో తెల్లవారేసరికి మొదటి రేకు దించేది.

మనిషి వాకిట్లోకి రాగానే ఆమె పేరు అడిగేది కాదు, ఎన్ని కావాలో అడిగేది కాదు.

"నీకేం పడదు?" అనేది.

"నాకన్నీ పడతయ్" అన్నవాణ్ణి అసలు నమ్మేది కాదు. "అన్నీ పడేటోడు యాడుంటడు? యాద్జేసుకో" అని అక్కడే నిలబెట్టేది.

షుగరున్నవాళ్ళకు చక్కెర లేకుండా, పొట్టు తీయని గోధుమపిండితో చేసేది. దీక్షలో ఉన్నవాళ్ళకు గుడ్డు లేకుండా. పాలు పడనివాళ్ళకు వెన్న బదులు గడ్డకట్టిన కొబ్బరినూనె, మజ్జిగ బదులు నిమ్మరసం పిండిన కొబ్బరిపాలు. గోధుమ తింటే కడుపు ఉబ్బిపోయే ఒక ముసలావిడకు జొన్నపిండి, బియ్యప్పిండి కలిపి చేసేది. ఆ పిండికి సాగే గుణం లేక రొట్టె పొడిపొడిగా రాలిపోతుంది కాబట్టి అవిసెగింజలు నానబెట్టి ఆ జిగురు కలిపేది. ఒక్కోదానికి ఒక్కో పలక, ఒక్కో గిన్నె. పిండి బిళ్ళల్ని స్టీలు గ్లాసు అంచుతో కోసేది. గ్లాసును నిలువుగా దించి నిలువుగా లేపాలి. తిప్పితే రొట్టె ఒక పక్కకు వాలిపోయి పొంగుతుంది. మా ఆవిడ ఒకసారి సరదాపడి గ్లాసు తిప్పి కోసింది. "గది పాడైంది, కోళ్ళకెయ్యి" అంది రొట్టెలక్క మొహమాటం లేకుండా.

ఆమెకు రాత రాదు. ఏ రొట్టె ఎవరిదో తెలియడానికి పచ్చి బిళ్ళ మీద చూపుడు వేలితో గుంటలు నొక్కేది. ఒక్క గుంట ఉంటే చక్కెర లేనిది. రెండుంటే గుడ్డు లేనిది. మూడుంటే పాలు లేనిది. అడ్డంగా గీత ఉంటే గోధుమ లేనిది. ఎవరికి ఏ గుర్తో రాసుకున్న కాగితం లేదు. ఊరంతటిదీ ఆమె తలలోనే ఉండేది.

మేం ఆ ఊరికి వెళ్ళిన వారానికి నేను మా అమ్మాయి చిట్టిని తీసుకుని ఆమె వాకిట్లోకి వెళ్ళాను. చిట్టికి అప్పుడు ఐదేళ్ళు.

"నీకేం పడదు బిడ్డా?" అంది.

చిట్టి నా వెనక దాక్కుంది. నేనే చెప్పాను, పల్లీలు పడవని.

"తింటే ఏమైతది? పైత్యమా?"

"పైత్యం కాదక్కా. పోయినేడు ఒక్క చెంచా పల్లిచట్నీ తిన్నది. ముందు పెదాలు ఉబ్బినయ్. ఒళ్ళంతా దద్దుర్లు. తర్వాత గొంతు పూడుకుపోయి ఊపిరాడలేదు. దవాఖానాలో తొడకు సూది ఇస్తే బతికింది. కొందరు పిల్లల ఒంటికి అది విషమేనట."

ఆమె చేతిలోని పిండిముద్దను పళ్ళెంలో పెట్టింది.

"ఎంతసేపట్ల?"

"ఏదక్కా?"

"తిన్నంక. ఎంతసేపట్ల ఊపిరాడలే?"

"పది నిమిషాలు కూడా లేదు."

"పెదిమలే ముందు ఉబ్బినయా?"

"అవును."

"గొంతుల పిల్లి గురక లెక్క వచ్చిందా?"

"వచ్చింది."

"గోళ్ళు నీలంగైనయా?"

అయ్యాయని చెప్పాను. ఆమె నన్ను అడగడం లేదని, తనకు ముందే తెలిసిన దేనితోనో సరిచూసుకుంటోందని నాకు అప్పుడు అనిపించింది. భట్టీలో రేకు మాడుతున్న వాసన వస్తున్నా కదల్లేదు. నేనే వెళ్ళి గుడ్డతో పట్టుకుని దించాను.

ఆ రోజు ఇంక ఎవరికీ రొట్టె అమ్మలేదు. మర్నాడు పొద్దున చూస్తే ఇంట్లో ఉన్న పల్లినూనె డబ్బా మొత్తం రోడ్డవతల గుంటలో పోసి మట్టి కప్పుతోంది. గిన్నెలన్నీ బూడిదతో తోమి ఎండలో బోర్లించింది. ఆనాటి నుంచి చేతులు కడుక్కున్నాక ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం మొదలుపెట్టింది. వాసన చూసి మళ్ళీ కడిగేది. వేళ్ళ సందులు పాసిపోయి తెల్లగా అయ్యేవి. చిట్టి రొట్టెల మీద ఐదు గుంటలు. అవి వేరే డబ్బాలో, వేరే గుడ్డలో చుట్టి, తానే తెచ్చి ఇచ్చేది. ఇచ్చాక వెళ్ళేది కాదు. చిట్టి తినడం అయిపోయి, ఇంకో పది నిమిషాలు గడిచేదాకా మా మెట్ల మీదే కూర్చుని పిల్ల పెదాల వైపు చూస్తూ ఉండేది. మా ఆవిడకు అది నచ్చేది కాదు. "ఆ చూపేంటండీ, ఏదో కావాలని ఎదురుచూస్తున్నట్టు" అనేది.

ఆ చూపు ఎందుకో ఆమే ఒకరోజు చెప్పింది. భట్టీ ముందు కూర్చుని, నా మొహం చూడకుండా చెప్పింది.

ఆమెకు ఒక కొడుకు ఉండేవాడు. పినపాక అవతల ఒక ఊళ్ళో కాపురం ఉన్నప్పటి మాట. మూడేళ్ళవాడు. పక్కింట్లో ముత్తమ్మ అని పిల్లల్లేని ఒక ఆడమనిషి ఉండేది. ఒక పొద్దున ముత్తమ్మ పిల్లవాడి తల నిమిరి, "ఎంత ముద్దుగున్నడే" అంది. మధ్యాహ్నం ఈమె బెల్లం పాకం పట్టి పల్లి ఉండలు చేసి, ఒకటి చిదిమి వాడి నోట్లో పెట్టింది. వాడు ఆమె ఒడిలోనే పోయాడు.

"అంతకుముందు రెండుమాట్ల వాడి పెదిమలు ఉబ్బినయ్ సారూ. పల్లీలు తిన్న దినమే. నాకు తోచలే. చీమ కుట్టిందనుకున్న" అంది.

ఊరివాళ్ళు పొద్దున పిల్లవాణ్ణి ఎవరు ముట్టుకున్నారని అడిగారు. ఈమె చెప్పింది. వేలు పెట్టి చూపించింది కూడా. ముత్తమ్మ చేతబడి చేసిందని తీర్మానించారు. మంత్రం పలకకుండా ఉండాలంటే నోట్లో పళ్ళు ఉండకూడదని ఎవరో అన్నారు. పట్టకారు తెచ్చారు.

"నువ్వు చూశావా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ముందట నిలవడ్డ. ఇంకొకటి, ఇంకొకటి అన్న" అంది.

భట్టీలో కట్టె చిటపటలాడింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకోలేదు. ఏడవనూ లేదు. ముత్తమ్మను ఊళ్ళోంచి వెళ్ళగొట్టారట. ఏన్కూరు వైపు మిరపతోటల్లో కాయ ఏరుతుంటే చూసినవాళ్ళున్నారట.

"పోయి చెప్పక్కా. తెలియక జరిగిందని చెప్పు" అన్నాను.

"చెప్పి? పీకిన పండ్లు దెచ్చియ్యగలనా సారూ?"

ఇంకో మూడేళ్ళు అట్లాగే గడిచాయి.

ఒక పంద్రాగస్టుకు బడి పిల్లలందరికీ రొట్టెలు చేయించాలని నేనే అనుకున్నాను. అందరికీ ఒకటే మిఠాయి పంచితే చిట్టి లాంటివాళ్ళు చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తుంది. రొట్టెలక్కకు చెబితే ఆమె వారం రోజులు ఇల్లిల్లూ తిరిగి ప్రతి తల్లినీ అడిగింది. జెండా ఎగరేశాక రేకుల్లో సర్దుకుని వచ్చి, ఒక్కో పిల్లవాడి పేరు పిలిచి, వాడి గుర్తు ఉన్న రొట్టె వాడి చేతిలో పెట్టింది. ఒక్కటి తప్పు పోలేదు. ఆ పొద్దున ఆమె మొహంలో నేను మొదటిసారి నవ్వు చూశాను.

అదే సాయంత్రం మూడో తరగతి పిల్లవాడొకడికి జ్వరం వచ్చింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబంలో పిల్లవాడు, ఆ ఇంటికి ఒక్కడే మనవడు. తెల్లారేసరికి ఫిట్స్ వచ్చి స్పృహ తప్పాడు. భద్రాచలం తీసుకెళ్ళారు. వానాకాలం, ఆ ప్రాంతంలో జ్వరాలు మామూలే. కానీ వాడి నాయనమ్మకు జ్వరం గుర్తు రాలేదు. రొట్టె గుర్తొచ్చింది.

"మావాడికి పాలు పడవని దానికి నేనే చెప్పానండీ. నా నోటితో నేనే చెప్పుకున్నాను" అని ఆవిడ వీధిలో నిలబడి ఏడ్చింది.

ఆ మాట చాలు. మధ్యాహ్నానికల్లా ఊళ్ళో అందరికీ తాము చెప్పుకున్నవి గుర్తొచ్చాయి. నా భర్తకు షుగరని చెప్పాను, నా కోడలికి గుడ్డు పడదని చెప్పాను, మా అమ్మకు గోధుమ పడదని చెప్పాను. ఎవరిని దేంతో పడగొట్టవచ్చో ఊరు మొత్తం ఆమెకు అప్పజెప్పినట్టయింది. రొట్టెల మీద గుంటలేమిటని కొందరు. ఐదు గుంటలవి ఎవరివని మరికొందరు. ఎంత చేతులు కడిగినా వాసన చూసుకుంటుందట, దేని వాసన? పిల్లలు తింటుంటే నోటివైపే చూస్తుందట, ఎందుకు?

ఆ చూపు ఎందుకో ఊళ్ళో తెలిసింది నాకొక్కడికే.

రెండో రోజు కూడా పిల్లవాడు కళ్ళు తెరవలేదు. ముసురు పట్టింది. మూడు గంటల వేళ మా ఆవిడ డబ్బాలోంచి చిట్టి రొట్టెలు తీసి పెరటి గోడ మీద పెట్టింది, కాకులకు. నేను చూశాను. వద్దనలేదు. ఒక్క రోజుకే కదా అనుకున్నాను. అంతలో వీధిలో అడుగుల చప్పుడు వినబడింది. మాటలు లేవు, అడుగులే. మా ఆవిడ చిట్టిని లోపలి గదిలోకి లాక్కుని వెళ్ళి, "తలుపు వేయండి" అంది. వేశాను.

కిటికీ సందులోంచి చూశాను. నలభై మంది దాకా ఉంటారు. సగం మంది నా దగ్గర చదివిన పిల్లల తల్లులూ తండ్రులూ. రొట్టెలక్క భట్టీ ముందు నిలబడి ఉంది. వానకు నిప్పు తడవకుండా పైన రేకు అడ్డం పెట్టి పట్టుకుంది.

"ఎవరికేం పడదో నీకెందుకే?" అని ఒకడు అరిచాడు.

"మీరు చెప్తెనే ఎరుకైంది. పడనిది పెట్టొద్దనే అడిగిన" అంది.

"గా గుంటలేంది? ఎవల మీద పెడుతున్నవ్?"

ఆమె ఒక్కొక్క గుర్తూ విప్పి చెప్పింది. ఒక్క గుంట, రెండు, మూడు, గీత. చెప్పేకొద్దీ వాళ్ళ మొహాలు బిగుసుకుపోయాయి. అంత వివరంగా తెలిసి ఉండటమే నేరంలా కనబడింది. ఒకతను భట్టీని కాలితో తన్నాడు. పై వరుస ఇటుకలు జారి పడ్డాయి.

అప్పుడామె చేతిలో రేకు కింద పెట్టి గట్టిగా మాట్లాడింది.

"నేను గూడ గిట్లనే ఒక ఆడిదాని వాకిట్ల నిలవడ్డ. నా కొడుకును నా చేత్తో తినవెట్టి సంపుకొని, ఆమె సంపిందన్న. ఆమె నోట్ల పండ్లు పీకిచ్చిన. ఆమెకేం తెల్వది. నాకేం తెల్వది. ఇయ్యాల మీకేం తెల్వది."

ఆమె ఒక్కసారి తల తిప్పి మా ఇంటివైపు చూసింది. నన్ను చూసిందో లేదో నాకు తెలియదు. నేను కిటికీ సందులోంచి పక్కకు జరిగాను.

వచ్చింది నేను కాదు. భద్రాచలం నుంచి ఆటోలో దిగిన ఆశా వర్కరు. ఇరవై అయిదేళ్ళ పిల్ల. జనంలోంచి తోసుకుంటూ వచ్చి, "మలేరియా అది. నెత్తురు పరీక్షల తేలింది. పిలగాడు కళ్ళు తెరిసిండు, అమ్మా అన్నడు. ఇగో, ఫోన్ల మాట్లాడుండ్రి" అని ఫోను నాయనమ్మ చెవికి ఆనించింది. ఆవిడ ఫోను పట్టుకుని అక్కడే బురదలో కూలబడింది. జనం పలచబడ్డారు. కానీ వెళ్తూ వెళ్తూ ఒకామె అన్న మాట మా కిటికీ దాకా వినబడింది.

"మలేరియానే గావొచ్చు. ఎవలు పంపితే వచ్చిందో."

మర్నాడు పొద్దున మొదటి బస్సు రాకముందే ఆమె మా గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో ఒక సంచి. లోపలికి రాలేదు. నాతో మాట్లాడలేదు. మా ఆవిడను పిలిచి, చిట్టి రొట్టె ఎట్లా చేయాలో మొదటి నుంచి చెప్పింది. వెన్న ఎంత చల్లగా ఉండాలి, పిండిలో వేళ్ళ కొసలతో ఎట్లా నలపాలి, మజ్జిగ ఎప్పుడు పోయాలి.

"పల్లినూనె గిన్నె ముట్టిన చేత్తోని పిండి ముట్టకు. బజార్ల పిండి కొనకు, మిల్లుల ఏమేం పడతరో ఎరుకలేదు. గోధుమలు తెచ్చి ఇంట్లనే ఇసురుకో. ఇంట్ల దాచిన సూదిమందు పాతగైందేమో చూసుకో."

మూడుసార్లు చెప్పించింది. తప్పు లేకుండా అప్పజెప్పాక, "అవ్, మంచిది" అని రోడ్డెక్కింది. మా ఆవిడ గేటు పట్టుకుని ఏడ్చింది. నేను వరండాలోనే నిలబడ్డాను. "అక్కా" అని పిలవాలని నోరు తెరిచాను. పిలవలేదు. నాకు ఖమ్మం బదిలీ అయ్యేదాకా ఆ కూలిన భట్టీని రోజూ చూస్తూ బడికి వెళ్ళాను.

ఆమె పోయిందని ఫోను వచ్చిన మూడో రోజు నేను ఏన్కూరు వెళ్ళి, అడుగుతూ అడుగుతూ ఆ ఊరు పట్టుకున్నాను. మిరపచేల మధ్య రేకుల ఇల్లు. గడప ముందు ఒక ముసలావిడ చాట ముందేసుకుని కూర్చుని ఉంది. బుగ్గలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. మాట్లాడటానికి నోరు తెరవగానే ఆమె ఎవరో నాకు తెలిసిపోయింది.

"ఆమెకు నువ్వేమైతవ్?"

"ఎదురింట్లో ఉండేవాణ్ణి అవ్వా. బడి సారును."

"గా పల్లీలు పడని పిల్ల తండ్రివా?"

"అవును."

ముత్తమ్మ చాట పక్కకు జరిపింది. ఆమె చెప్పేవాటిలో సగం గాలి, సగం మాట. జాగ్రత్తగా వినాల్సి వచ్చింది.

"వచ్చి వాకిట్ల కూసున్నది. మూడు దినాలు. నేను పలకలే. నాలుగో దినం జరిగింది మొత్తం చెప్పింది. అప్పుడు గూడ పలకలే. పో అన్న, పోలే. పెరట్ల పొయ్యి వెట్టుకున్నది. నా నోట్ల పండ్లు లేవు గద, రొట్టె పైన పెచ్చు గట్టిగైతదని తడిగుడ్డ కప్పి మెత్తగ చేసేది. పాలల్ల నానేసి గీ గడప మీద పెట్టేది. నేను కోళ్ళకేసిన. వానకాలమంత కోళ్ళే తిన్నయ్."

"తర్వాత?"

"నాకు జెరమొచ్చింది. కూలికి పోలే. ఇంట్ల గింజ లేదు. ఆకలైంది, తిన్న. అటెంక దినాం తిన్న."

"ఆమెను మన్నించావా అవ్వా?"

"గది నాకెరుకలేదు సారూ. ఆకలైంది, తిన్న."

చేలోంచి మిరప ఘాటు వస్తోంది. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి అడిగింది.

"ఆమె మీదికి జనమొచ్చిన దినం నువ్వేడున్నవ్?"

"ఇంట్లోనే ఉన్నాను."

"తలుపు తీసున్నదా, పెట్టున్నదా?"

అబద్ధం చెప్పొచ్చు. చూసినవాళ్ళెవరూ అక్కడ లేరు.

"పెట్టి ఉంది" అన్నాను.

ముత్తమ్మ తలూపింది. ఆమె మొహంలో కోపం లేదు, ఆశ్చర్యం అంతకన్నా లేదు.

"నా దినం గూడ అన్ని తలుపులు పెట్టే ఉండె" అని చాట ముందుకు లాక్కుంది.